ప్రార్థించి ఇచ్చిన సీసా

ముందుగా నా ప్రభువుకు స్తోత్రం. గోతిలో పడినదాన్ని గోతిలోనే వదలనివాడికి, వణికే కాళ్లకు నిలబడే చోటు చూపినవాడికి, అన్యాయం చేసినవాడి ఇల్లు ఏ వీధిలో ఉందో మరచిపోనివాడికి స్తోత్రం. ఈ మాటలు రాస్తుంటే నా చెయ్యి వణకడం లేదు. అది ఆయన కనికరం. దేవుణ్ణి స్తుతించకుండా ఏ సంగతీ మొదలుపెట్టవద్దని మా నాయన నేర్పాడు. ఆయన మాట నిలబెట్టాను. ఇక చెబుతాను.

ఇది ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మీ ఊళ్లో ఎవరైనా పొద్దున్నే ముక్కు తుడుచుకుంటూ, ఆవులిస్తూ, ఒక మందు సీసా కోసం ఎదురుచూస్తుంటే వాళ్లకు దీన్ని చదివి వినిపించండి. అది ఒక కారణం. ఆ సీసా ఇచ్చినవాడు ఇంకా బతికే ఉన్నాడు. అది రెండో కారణం.

1948, ఎండాకాలం

మాది జనగామ దగ్గర పల్లె. ఆ ఎండాకాలం రజాకార్లు మా గూడెం మీద పడి ఇళ్లకు నిప్పు పెట్టారు. బయటికి వస్తుండగా దూలం విరిగి నా తుంటి మీద పడింది. నా భర్త యోహాను నన్ను నులక మంచం మీద వేసి, ఇంకో ముగ్గురి సాయంతో జనగామ స్టేషన్ దాకా మోసుకొచ్చాడు. అక్కడి నుంచి రైల్లో కేసముద్రం చేరాం. యోహాను తల్లి, మా అత్త మార్తమ్మ ఇల్లు అక్కడే. యోహానుకు గింజల బజారులో బస్తాలు మోసే పని దొరికింది.

స్టేషన్ పక్కన ఒక కాంపౌండర్ ఉండేవాడు. ఆయన పేరు రాయను. దయ తలచి కాదు. తెలిసినవాళ్లకు తెలుసు, అది చాలు. ప్రపంచ యుద్ధం నాడు మిలిటరీ దవాఖానలో పనిచేసి వచ్చాడని చెప్పుకునేవాళ్లు. ఆదివారం చర్చిలో మా సంఘం ముందు వరుసలో కూర్చునేవాడు. మందు ఇచ్చే ముందు సీసాను రెండు చేతుల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఆ తరువాతే మన చేతికి ఇచ్చేవాడు.

మేము చేసిన తప్పు అక్కడే జరిగింది. విశ్వాసులం గనుకనే ఆ తప్పు చేశాం. ప్రార్థించి ఇచ్చిన మందులో ఏముందని అడగడం మాలో ఎవరికీ తోచదు. భోజనానికి ప్రార్థన చేశాక కూరలో ఏం వేశారని అడుగుతామా? కళ్లు తెరిచి, ఆమేన్ అని తింటాం. నేనూ ఆమేన్ అని తాగాను.

మొదటి చెంచాకే నొప్పి ఎక్కడో పక్క ఊళ్లో కొట్టే డప్పులా దూరం జరిగింది. ఆ రోజు మా అత్త కాంపౌండర్ ఇంటివైపు తిరిగి దండం పెట్టింది.

ఆ వానాకాలం

వానలు పడేనాటికి తుంటి అతుక్కుంది. కర్ర లేకుండా నడిచాను. సీసా మాత్రం నన్ను వదల్లేదు. ఒక పూట తాగకపోతే ఆవులింతలు. కళ్లలో, ముక్కులో నీళ్లు. చర్మం మీద గగుర్పాటు. కూర్చున్నా పడుకున్నా కాళ్లు వాటంతటవే తన్నేవి. సంఘంలో పాట ఎత్తేది నేనే. పాట మధ్యలో ఆవులింత వచ్చి గొంతు జారిపోతే ఆడవాళ్లు తలలు వంచుకుని నవ్వేవాళ్లు.

కాంపౌండర్‌తో చెప్పాను. "నొప్పి లోపలికి పోయింది చెల్లె. చెంచా కాడ చెంచన్నర తాగు. నమ్మకం ఉంచు" అన్నాడు.

ఇంట్లో మా అత్త ఊరుకోలేదు. "మా ఇంట్ల కల్లు ముట్టినోళ్లు లేరు. నువ్వేమో పొద్దు పొడవంగనే సీస పట్టుకొని ఉరుకుతున్నవ్. చూసెటోళ్లు ఏమనుకుంటరు?"

"మందే గదత్తా."

"మందైతే రోగం పోయినంక గూడ ఎందుకే?"

యోహాను బస్తాల కింద నలిగిపోయి వచ్చేవాడు. మా ఇద్దరి మధ్య కూర్చుని ఎవరి వైపూ మాట్లాడకుండా తినేవాడు. ఆయన మౌనం మీద కూడా నాకు కోపంగా ఉండేది.

మా సంఘానికి వాక్యం చెప్పే ప్రసంగి అయ్యగారు మంచివారు. విషయం చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "బంధకం ఏదైనా తెగాలంటే ఒక్క దెబ్బకే తెగాలమ్మా. ఆదివారం సాక్ష్యం చెప్పి వదిలెయ్యి" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ ఆదివారం అందరి ముందు నిలబడి, సీసా తెరిచి, మందంతా వేదిక ముందు నేల మీద ఒంపేశాను. సంఘమంతా హల్లెలూయా అంది. ముందు వరుసలో కూర్చున్న కాంపౌండర్ అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఆయనకు తెలుసు. ఆ సాయంత్రానికి నా ఒంట్లో ఏం మొదలవుతుందో ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు. తెలిసీ ఆమేన్ అన్నాడు. చదివేవాళ్లు దేన్ని మరచిపోయినా ఈ మాట మరచిపోవద్దు.

తరువాత రోజుల గురించి ఎక్కువ చెప్పను. తిన్నది నిలవలేదు. తాగిన నీళ్లు నిలవలేదు. దయ్యం పట్టిందని సంఘ పెద్దలు వచ్చి నా చేతులు, కాళ్లు పట్టుకుని ప్రార్థించారు. వాళ్ల చేతుల కింద నాకు ఫిట్స్ వచ్చాయి. దయ్యం వదులుతోందని వాళ్లు ఇంకా గట్టిగా పాడారు. వాళ్ల మీద నాకు పగ లేదు. వాళ్లకు తెలియదు.

అప్పుడు కాంపౌండర్ వచ్చాడు. కొత్త సీసాను రెండు చేతుల్లో పట్టుకుని, "దేవుడు పంపిండు చెల్లె" అన్నాడు. నేను తాగాను. కాళ్లు ఆగాయి. అందరూ చూస్తుండగా ఆయన చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను.

ఆ చెయ్యి ఎండిపోవాలని, ఆ నాలుక అంగిటికి అంటుకోవాలని తరువాత ఎన్నిసార్లు అడిగానో దేవుడికి తెలుసు. పగ తీర్చడం ఆయన పని అని నాకు చిన్నప్పుడే నేర్పారు. అందుకే ఆయన పనిని ఆయనకు గుర్తు చేస్తూ వచ్చాను.

చలికాలం, యూనియన్ సైన్యం వచ్చాక

రజాకార్ల పీడ పోయింది. సైన్యం వచ్చింది. రజాకార్లతో పోరాడిన కమ్యూనిస్టు దళాలు అడవుల్లోకి వెళ్లాయి. రాజ్యం మారినా కాంపౌండర్ అరుగు మారలేదు. ఒకరోజు పొద్దున ఆ అరుగు మీద నా వంతు కోసం కూర్చున్నాను. పక్కన బుచ్చమ్మవ్వ ఉంది. స్టేషన్ ముందు ఉడికించిన శనగ గుడాలు అమ్ముతుందని తెలుసుగాని ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఏమే బిడ్డా, నిద్ర పోలేదా?"

"పోయిన అవ్వా."

"మరి గా ఆవులింతలేంది? దవడ ఊడిపడేటట్టున్నది" అంటూ తనూ నోరు తెరిచి ఆవులించింది.

ఎదురుగా కూర్చున్న ఈరయ్య రైలు పట్టాల పని చేసేవాడు. చెయ్యి నలిగినప్పటి నుంచి ఈ మందే తాగుతున్నాడు. "అవ్వా, నీ ఆవులింత నాకంటింది. గిది దవాఖాన గాదే, ఆవులింతల కచేరి!" అన్నాడు.

అందరం నవ్వాం. నవ్వుతూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అరుగు మీదున్న ప్రతి మనిషి కళ్లు నీళ్లు కారుతున్నాయి. ప్రతి మనిషి ముక్కు తుడుచుకుంటున్నాడు. నవ్వు ఆగిపోయింది.

బుచ్చమ్మవ్వ నా వైపు వంగి మెల్లగా అడిగింది. "కాళ్లు తంతయా?"

"తంతయి."

"ఈకలు పీకిన కోడి లెక్క తోలు లేస్తదా?"

"లేస్తదవ్వా."

"నాకు గూడ" అంది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అన్ని నెలల్లో మొదటిసారి, నాకు పట్టింది దయ్యం కాదని తెలిసింది. విశ్వాసం తగ్గడం కూడా కాదు. ఎల్లమ్మను కొలిచే అవ్వకూ, ఏ దేవుడి మాటా ఎత్తని ఈరయ్యకూ అదే వచ్చింది. అంటే ఉన్నది మాలో కాదు, సీసాలో.

ఆ రోజు నుంచి అవ్వ గుడాల గంప దగ్గర కూర్చోవడం అలవాటైంది. ఎవరి కాళ్లు తన్నినా పక్కవాళ్లు నూనె రాసి పట్టేవాళ్లు. అవ్వ వేడి గుడాలు ఆకులో పెట్టి, "తిను, కక్కితే మళ్ల పెడత" అనేది. మానాలని అందరికీ ఉంది. ఎట్లా మానాలో చెప్పేవాళ్లు మాత్రం ఎక్కువయ్యారు. వేపాకు రసం తాగమన్నారు ఒకరు. తాయెత్తు కట్టుకోమన్నారు ఇంకొకరు. కల్లు తాగితే ఇది మరచిపోతావన్నారు. మా వాళ్లు ఉపవాసం అన్నారు.

ఈరయ్యకు విసుగొచ్చింది. "తాగనోడు చెప్పే మాట నాకొద్దు. తాగి, మానినోడు ఎవడన్న ఉంటే చెప్పుండ్రి" అన్నాడు. అదే మా కట్టుబాటు అయింది. నీ ఒంట్లో జరిగింది చెప్పు. విన్న మాటైతే ఎవరి దగ్గర విన్నావో చెప్పు. రెండూ కాకపోతే గుడాలు తిని ఊరుకో.

అప్పుడు అవ్వ తన పెనిమిటి సంగతి చెప్పింది. ఆయన దుకాణంలో అఫీము, అంటే నల్లమందు, కొని తినేవాడట. ముసలితనంలో గోటితో గిల్లి గిల్లి ఉండ చిన్నది చేసుకుంటూ మానేశాడట. "మన సీసల వాసన గదే. కని ఇంకేందో గూడ ఉన్నది" అంది.

ఆ "ఇంకేందో" ఏమిటో మాకు తెలియలేదు. మాలో మల్లయ్య అని బండి తోలే మనిషి ఉండేవాడు. అఫీమే కదా అని సీసా మానేసి, దుకాణంలో అఫీము కొని కొంచెం కొంచెం తగ్గించాడు. కాళ్లు తన్నలేదు, కడుపు తిప్పలేదు. గెలిచాననుకున్నాడు. ఒక మధ్యాహ్నం బజారులో ఎడ్లకు నీళ్లు పెడుతూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

ఆ తరువాత ఎవరం సీసా తగ్గించే ధైర్యం చేయలేదు. అందులో ఉన్నదేమిటో తెలియకుండా మానితే చావు. మానకపోతే బానిసతనం. కాంపౌండర్‌ను అడిగితే ఒకటే మాట. "నమ్మకం లేకుంటే రావద్దు."

1949, కోతలయ్యాక

నా తమ్ముడు దానియేలు దళంలో ఉన్నాడు. ఏడాదికి పైగా వాణ్ణి చూడలేదు. ఒకరోజు యోహానుకు అన్నం తీసుకుని బజారుకు వెళ్తే, కందుల రాశి పక్కన గొంగడి కప్పుకుని బేరమాడుతున్న రైతు, "అక్కా" అన్నాడు. గొంతు గుర్తుపట్టి అన్నం గిన్నె నేల మీద పెట్టేశాను.

"గిట్ల ఎండుకపోయినవేంది? బావ తిండి పెడుతలేడా?"

రాశి చాటున కూర్చుని, మందిచ్చినవాడు ఎవరో తప్ప అంతా చెప్పాను. ఆమేన్ సంగతి చెప్పాను. చెయ్యి ముద్దుపెట్టుకున్నది చెప్పాను. మల్లయ్య చావు చెప్పాను. వాడు కందులు గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ విన్నాడు.

"ఒక్క పేరు చెప్పక్కా. నువ్వింక ఏం చెయ్యొద్దు. మేం చూసుకుంటం."

పేరు నాలుక చివర ఉంది. నేను అన్నాళ్లుగా చేసిన ప్రార్థనకు జవాబు గొంగడి కప్పుకుని వచ్చిందనుకున్నాను. నోరు కూడా తెరిచాను. ఎదురుగా మల్లయ్య ఎడ్లు కనిపించాయి. వాటిని ఇప్పుడెవరో తోలుతున్నారు.

"వాన్ని సంపితే, సీసల ఏమున్నదో చెప్పెటోడు ఎవడురా?"

"నీ దేవుడు చెప్పడా?" అని నవ్వాడు. చిన్నప్పటి నుంచి వాడికి నన్ను ఉడికించడం సరదా.

"చెప్తడు. వాని నోటితోటే చెప్పిస్తడు. అందాక ఆగు."

"అంటే వాయిదా ఏస్తున్నవ్."

"వాయిదానే. మాఫీ గాదు."

వాడు లేచి నా తల మీద చెయ్యి పెట్టాడు. తమ్ముళ్లు అక్కలకు అట్లా పెట్టరు. అదే ఆఖరిసారి వాణ్ణి చూడడం.

మర్నాడు పొద్దున అవ్వనూ ఈరయ్యనూ అరుగు మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

"వందనాలన్నా."

"వందనాలు చెల్లె. సీస తెచ్చినవా?"

"తేలే. మా దానియేలు నిన్న కలిసిండు."

జాడీ మీద ఆయన చెయ్యి ఆగింది. "మంచిగున్నడా?"

"మంచిగున్నడు. నన్ను గిట్ల చేసినోని పేరడిగిండు."

"నువ్వేం జెప్పినవ్?"

"ఇంక చెప్పలే."

ఆ గదిలో నాకు కలిగిన సంతోషాన్ని దాచను. ఆయన నుదుటి మీద చెమట చూశాను. పెదవులు తడుపుకోవడం చూశాను. నా ఒంట్లో నెలల తరబడి జరిగింది ఆయన ఒంట్లో ఒక్క నిమిషం జరుగుతోంది. ఇంకాసేపు జరగాలని ఊరికే నిలబడ్డాను.

చివరికి చెప్పాడు. అఫీము నానబెట్టి తీసిన అరకు. దాంట్లో మిలిటరీ దవాఖాన నుంచి తెచ్చుకున్న నిద్రపొడి. ఫిట్స్ వచ్చేది నిద్రపొడిని ఒక్కసారిగా ఆపడం వల్లనే. రెండూ తగ్గించాలి, చాలా మెల్లగా తగ్గించాలి.

"నొప్పి జల్ది తగ్గాలని కలిపిన చెల్లె."

"నొప్పి తగ్గినంక?"

ఆయన జాడీ మూత సర్దాడు. "జనం మళ్లమళ్ల రావాలని" అని అరుగు మీద నుంచి ఈరయ్య జవాబిచ్చాడు.

"నాకు చెప్తే చాలదన్నా. ఆదివారం చెప్పాలె. నేను సీస ఒంపిన కాడ నిలబడి చెప్పాలె."

"సంఘం ముందట నా పరువు పోతది."

"నీ చెయ్యి ముద్దుపెట్టుకున్ననాడు నా పరువు యాడికి పోయింది?"

ఆయన తల వంచుకున్నాడు. "చెప్తే... తమ్మునికి నా పేరు చెప్పవు గదా?"

"చెప్పనని నేను అన్లే" అని బయటికి వచ్చాను.

ఆ ఆదివారం

బుచ్చమ్మవ్వ, ఈరయ్య లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడ్డారు. కాంపౌండర్ వేదిక ముందు నిలబడి నేల చూస్తూ గొణిగాడు. ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి మా అత్త లేచింది. నన్ను ఏడాదిగా సాధించిన మార్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "జర గట్టిగ చెప్పు నాయినా. ఎనుక ముసలోళ్లకు ఇనవడుతలేదు" అంది.

ఆయన మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. ఈసారి అందరికీ వినబడింది. అఫీము. నిద్రపొడి. ఎవరూ ఆమేన్ అనలేదు.

ఇంటికి వచ్చాక మా అత్త వంటకు బియ్యం తీసింది. మా ఇళ్లలో వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేస్తాం. అది సంఘానికి పోతుంది. ఆ పిడికిలి నాకు చూపిస్తూ, "దేవునికి పిడికెడు తీసినంక అన్నం తక్కువైందని ఎన్నడన్న అనిపించిందానే? గట్లనే తియ్యి. సీసల కెల్లి" అంది. తరువాత నా పక్కన కూర్చుని, చాలాసేపు నా కాళ్లు పట్టింది. క్షమించమని అడగలేదు. నేనూ అడిగించలేదు.

మేమంతా అట్లాగే మానాం. కాంపౌండర్ మా కళ్ల ముందే మందు కలపాలి. ఈరయ్య ఎదురుగా నిలబడి జాడీల వాసన చూసేవాడు. ఇంట్లో సీసాలో నుంచి కొద్దిగా తీసి ఒంపేసి, కాచి చల్లార్చిన నీళ్లు అంత పోసేవాళ్లం. ఆ మెట్టు మీద ఒళ్లు కుదురుకునేదాకా అక్కడే ఆగేవాళ్లం. కుదరకపోతే వెనక్కి ఒక మెట్టు. వెనక్కి వెళ్లినవాణ్ణి ఎవరైనా ఎగతాళి చేస్తే అవ్వ గరిటె చూపించేది. అవ్వ తన చుక్కల్ని గడప పక్కన మట్టిలో ఒంపుతూ, "మీ దేవునికి బియ్యం, మా ఎల్లమ్మకు మందు. తల్లికి జర నిషా ఎక్కనీ" అనేది.

తేలికగా అయిందని చెప్పను. ఒక కోత వెళ్లి ఇంకో కోత వచ్చింది. నిద్ర రాని రోజులు, కారణం లేకుండా ఏడ్చిన రోజులు ఎన్నో. కాని ఎవరం పడిపోలేదు. ఒకరోజు నా సీసాలో ఉన్నవి వట్టి నీళ్లే అని తెలిసి కూడా, భయంతో ఇంకొన్నాళ్లు వాటినే చెంచాతో తాగాను. తరువాత ఒక పొద్దున తాగడం మరచిపోయాను. ఆ ఆదివారం పాట నేనే ఎత్తాను.

ఘనపూర్

కాంపౌండర్ మా చివరి సీసా ఖాళీ అయ్యాక చెప్పకుండా ఊరు విడిచిపోయాడు. పీడ పోయిందని అందరూ అన్నారు. నేను అనలేదు. ఆయన పోయిన కొన్నేళ్లకు, నిరుడు, పత్తి లోడుతో వచ్చిన లారీ మనిషి ఒకడు అవ్వ దగ్గర గుడాలు తింటూ, ములుగు వైపు ఘనపూర్‌లో ఒక కాంపౌండర్ ఉన్నాడని, సీసాకు ప్రార్థన చేసి ఇస్తాడని, మందు భలే పనిచేస్తుందని చెప్పాడు.

నేను, అవ్వ, ఈరయ్య బయలుదేరాం. ఘనపూర్‌లో ఆయన అరుగు కనుక్కోవడం కష్టం కాలేదు. అదే తీరు అరుగు, అదే తీరు మనుషులు. ఊరు మాత్రమే వేరు. అరుగు చివర కూర్చున్నాను. నా పక్కన బిడ్డను ఒళ్లో వేసుకున్న పడుచు పిల్ల ముక్కు తుడుచుకుంటూ పెద్దగా ఆవులించింది.

"కాళ్లు తంతయా బిడ్డా?" అని అడిగాను. అరుగంతా వినబడేలా అడిగాను.

ఆ పిల్ల ఉలిక్కిపడింది. "నీకెట్ల తెలుసక్కా?"

అన్ని తలలూ మా వైపు తిరిగాయి. లోపల, సీసాను రెండు చేతుల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్న మనిషి కళ్లు తెరిచాడు.

సీసాలో ఏముందో ఆ అరుగు మీద నేను చెప్పాను. తెలియకుండా మానవద్దని అవ్వ చెప్పింది. ఎట్లా మానాలో ఈరయ్య చెప్పాడు. ఇకనుంచి మా కళ్ల ముందే కలపాలని, పక్షానికొకసారి వచ్చి చూస్తామని ఆయనకు చెప్పాం. అందరూ పోయాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. అడిగిందొక్కటే. "దానియేలు ఎట్లున్నడు చెల్లె?"

"నిన్ను అడుగుతుంటడు" అన్నాను.

నా తమ్ముడు మహదేవపూర్ దాటి గోదావరి వైపు అడవిలోకి వెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా మాకు దక్కలేదు. ఆ సంగతి కాంపౌండర్‌కు తెలియనివ్వలేదు. ఇది చదివితే తెలుస్తుంది. తెలియనీ. నాకిప్పుడు తమ్ముడి తుపాకీ నీడ అవసరం లేదు. ఆయన ఏ ఊళ్లో అరుగు వేసినా మాలో ఒకరు వెళ్లి దాని చివర కూర్చుంటారు.

ఇప్పుడు మోకరించండి. నాతో కలిసి అడగండి. ఘనపూర్‌లో ఆ పడుచు పిల్ల కాళ్లు కుదురుకోవాలని అడగండి. మల్లయ్య పిల్లలు అన్నం తినాలని అడగండి. దానియేలు ఎక్కడ పడుకున్నా ఆ నేల వాడికి మెత్తగా ఉండాలని అడగండి. ఆ కాంపౌండర్ గురించి నేను చేసే ప్రార్థన మీరు చేయవద్దు. మీరు ఆయన కోసం దయ అడగండి. నేను మీ పక్కనే ఉంటాను, మీరు అడిగినంతసేపూ అడ్డు చెప్పను. చివర ఆమేన్ దగ్గర నా గొంతు వినబడకపోతే లేచి వెళ్లిపోకండి. మళ్లీ మొదటి నుంచి అడగండి.